మెరుగుపరచరాదు

చోడిపల్లి దానమ్మ నడుము రోజుకి నాలుగువందల పన్నెండుసార్లు వంగుతుందన్న సంగతి దానమ్మకి తెలియదు. యూరపుకి తెలుసు.

తెలియకపోవడం ఆవిడ తప్పు కాదు. ఎర్రమెట్టపేట ఒడ్డున చేపలెండేసే ఆడవాళ్ళెవరూ వంగినన్నిసార్లూ లెక్కపెట్టుకోరు. పొద్దున్నే తెప్పలు ఒడ్డెక్కుతాయి, నెత్తళ్ళనే సన్న చేపలు గంపల్లో దిగుతాయి. వాటిని ఇసుక మీద పరుస్తారు. ఎండెక్కాక తిరగేస్తారు. కాకి వాలితే తోలతారు, కుక్క వస్తే విసరడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతారు, మబ్బు కమ్మితే గబగబా ఎత్తి ఇంట్లో పోస్తారు, మబ్బు విడితే మళ్ళీ తెచ్చి పరుస్తారు. దానమ్మ ఈ పని పదేళ్ళప్పుడు మొదలుపెట్టింది. అరవై దాటేసరికి నడుము మొరాయించింది. వంగితే వంగినచోటే ఉండిపోయేది. మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, సముద్రాన్ని ఒక తిట్టు తిట్టి, మొగుడు ఎర్రయ్యని రెండు తిట్లు తిట్టి, అప్పుడు మెల్లిగా నిటారుగా లేచేది.

ఇలా ఉండగా ఊళ్ళోకి పరిశోధన వచ్చింది.

అది జీపులో వచ్చింది. ముందు సీట్లో పట్నంలో ఉన్న దైనందిన జీవన మెరుగుదల సంస్థ సంచాలకులు విరూపాక్షరావుగారు ఉన్నారు. వెనక సీట్లో కాగితాల బొత్తి పెట్టుకుని ప్రసూన అనే అమ్మాయి ఉంది. లెక్కలు రాయడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఒడ్డున షామియానా వేశారు, కుర్చీలు వేశారు, ఊరు చేరింది. సంచాలకులవారు గొంతు సవరించుకున్నారు.

“యూరపు ఖండపు ప్రజాధనముతో, విజ్ఞానశాస్త్ర ఫలములను సామాన్య మత్స్యకార మహిళ యొక్క దైనందిన జీవితమునకు అనుసంధానించు బృహత్ సంకల్పములో భాగముగా, సుస్థిరాభివృద్ధి దిశగా, ఈ గ్రామమును ఎంపిక చేయడమైనది.”

దానమ్మ ఎర్రయ్యని మోచేత్తో పొడిచింది. “ఏటంతన్నాడు?”

“సేపలెండేసుకోడానికి పెట్టెలిత్తారంట.”

“ఆ ముక్క సెప్పడానికి ఇంతసేపేటి?”

జీపు వెనక లారీలోంచి ఒక పెట్టె దించారు. నిజం చెప్పుకోవాలి, పెట్టె మంచిది. నాలుగు కాళ్ళ మీద నడుమెత్తున నిలబడింది. పైన సన్నటి వల బల్ల. దాని మీద గుడారంలాగా అద్దంలాంటి పట్టా. అటూ ఇటూ గాలి దూరే కంతలు. పొద్దున్న పరిచిన నెత్తళ్ళు సాయంత్రానికి గలగలమన్నాయి. ఇసక లేదు, ఈగ లేదు, కాకి పట్టా మీద వాలి లోపలికి చూసి చూసి ఎగిరిపోయింది. కరెంటక్కర్లేదు, కట్టెలక్కర్లేదు. పోర్చుగల్ అనే దేశంలో ఎవరో శాస్త్రజ్ఞులు కూర్చుని దీన్ని తయారుచేశారట. దాని వెనక ఆ ఖండంలో బస్సులు నడిపేవాళ్ళూ, బడిపంతుళ్ళూ, ఆసుపత్రి నర్సులూ కట్టిన పన్నులున్నాయట. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ పెట్టె చుట్టూ తిరిగారు. దానమ్మ తిరగలేదు. దాని పక్కన నిలబడి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి చూసింది. నడుము వంగలేదు. ఇంకాసేపు అలాగే నిలబడింది.

అయితే పెట్టె అందరికీ ఇస్తే అది దానం అవుతుందనీ, శాస్త్రం కాదనీ సంచాలకులవారు వివరించారు. నలభై ఇళ్ళలో ఇరవై ఇళ్ళకి పెట్టె. మిగతా ఇరవై ఇళ్ళు ఎప్పటిలాగే ఇసకలో ఎండేసుకోవాలి. వీళ్ళకీ వాళ్ళకీ తేడా ఎంతో కొలవాలి. ఆ రెండో ఇరవైకీ ‘తులనా గృహములు’ అని పేరు. ఆరు నెలలయ్యాక వాళ్ళకీ పెట్టెలిస్తారు. ఎవరు ఎటన్నది చీటీలు తీసి తేల్చారు.

దానమ్మకి పెట్టె చీటీ వచ్చింది. పక్కింటి అప్పలనరసమ్మకి తులన చీటీ వచ్చింది. నరసమ్మ మూతి ముడుచుకుంది. ఇంతలో సంచాలకులవారు, “పెట్టెలు ఎవరైనా వాడెదరు. తులనా గృహములు లేనిదే ఈ శాస్త్రము నిలువదు. వారు ఈ ప్రయోగమునకు పునాదిరాళ్ళు,” అని, తులనావాళ్ళని ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టి బంతిపూల దండలు వేయించారు. దానమ్మ ఆ దండల వంక చూసింది.

“ఒలే నరసమ్మా, ఆ సీటీ ఇలగియ్యి. ఇది నువ్వట్టుకో.”

“నిజంగానా అప్పా?”

“పెట్టె ఆర్నెల్లకొత్తాది. దండ మళ్ళీ ఎప్పుడేత్తారు?”

ఎర్రయ్య పక్కవాడితో అన్నాడు: “దానికి దండంటే పేణం. పెళ్ళినాడు నానేసిన దండ నలిగిపోనాదని ఇప్పటికీ నన్నంతాది.”

దానమ్మ దండ వేయించుకుని, ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చేసరికి ఇంటి గోడకి పచ్చరంగు చెక్కబోర్డు కొట్టి ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలు:

తులనా గృహము. మెరుగుపరచరాదు.

మర్నాటినుంచి ప్రసూన పొద్దున్నే వచ్చి ఇసకలో గొంతుక్కూర్చునేది. మోకాళ్ళ మీద అట్ట, అట్ట మీద కాగితం, ఎడమచేతిలో చిన్న మీట. దానమ్మ వంగినప్పుడల్లా మీట టిక్కుమనేది.

“అదేటి గుంటా, బల్లిలాగ?”

“మీరు వంగితే నొక్కాలి పెద్దమ్మా. నిన్న నాలుగువందల పన్నెండు.”

దానమ్మ నోరు తెరిచింది. పదేళ్ళ వయసునుంచి ఇప్పటిదాకా ఎన్నయ్యాయో వేళ్ళ మీద వేయబోయి మానేసింది. “ఇంక సెప్పకు. ఇన్నకొద్దీ నొప్పెక్కువవతన్నాది.”

ఆరు నెలలయ్యాయి. పెట్టె రాలేదు, కాగితం వచ్చింది. ఫలితములు మిక్కిలి ఆశాజనకముగా ఉన్నందున గడువు మరో ఆరు నెలలు పొడిగించడమైనది. అదీ అయింది. ఫలితములు ఇంకనూ ఆశాజనకముగా ఉన్నందున మరో ఆరు నెలలు. అటుపక్క నరసమ్మ పెట్టె ముందు నిలబడి, కూనిరాగం తీస్తూ నెత్తళ్ళు తిరగేసేది. “నడుం మీద సెయ్యేసుకుని నిలబడితే ఎంత సుకంగుందప్పా,” అనేది. దానమ్మ వంగినచోటునుంచే, “నీ సుకం మండా,” అనేది. మీట టిక్కుమనేది.

చివరికి దానమ్మ మొగుడితో అంది: “ఆల పెట్టె మనకొద్దు. నాలుగు గెడలు పాతీసి, పాత వల కట్టీసి, దానిమీద ఎండేత్తాను. పట్టా నేకపోతే పోయింది. నిలబడతాను గదా.”

ఎర్రయ్య ఆరు సరుగుడు గెడలు తెచ్చాడు, చిరిగిన వల ఒకటి తెచ్చాడు. రెండో గెడ పాతుతుండగా జీపు వచ్చింది.

“ఆపండి!” అని విరూపాక్షరావుగారు జీపు ఆగకముందే దిగారు. “ఏమిటీ ఘాతుకము?”

“సేపలెండేసుకోడానికి బాబూ.”

“ఎత్తున ఎండవేయుటయే మేము పరీక్షించు అంశము. తులనా గృహము దానిని స్వయముగా అవలంబించినచో ఇక దేనితో దేనిని పోల్చవలెను? దీనిని మా శాస్త్రమున కలుషితమగుట అందురు.”

“నా సొంత గెడలు, నా సొంత వల, నా సొంత నడుం బాబూ.”

“నడుము మీదే. దాని వంగుబాటు మాత్రము ప్రయోగమునకు చెందినది,” అన్నారాయన మృదువుగా. “ఒప్పందమును ఉల్లంఘించినచో గడువు ముగింపున రావలసిన పెట్టె రాదు.”

పెట్టె రాదన్న మాటకి దానమ్మ వెనక్కి తగ్గింది. గెడలూ వలా సంస్థ షెడ్డులోకి వెళ్ళాయి. వాటికి ఎర్రయ్య చేతికి రసీదు ఇచ్చారు. సరుగుడు గెడలు ఆరు, చిరిగిన వల ఒకటి, స్వాధీనపరచుకొనడమైనది. ఎర్రయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి చుట్ట డబ్బాలో దాచాడు.

దానమ్మ వెనక్కి తగ్గింది గానీ మిగతా పంతొమ్మిది ఇళ్ళూ తులనలో నిలవలేదు. ఏడు ఇళ్ళవాళ్ళు గుజరాతు బోట్ల మీదికి వలసపోయారు. నాలుగు ఇళ్ళకి వియ్యాలవారు పెట్టెలాంటిది చేసి పంపారు. ఎనిమిది ఇళ్ళవాళ్ళు బోర్డు పీకి పొయ్యిలో పెట్టి, గెడలు పాతుకుని, పెట్టె నీదగ్గరే ఉంచుకో అన్నారు. వాళ్ళ పేర్లు కొట్టేశారు. రెండో ఏడు తిరిగేసరికి తులనా గృహము ఒక్కటే మిగిలింది. ఇరవై ఇళ్ళు మోయాల్సిన శాస్త్రం అంతా దానమ్మ ఒక్కదాని నడుము మీద పడింది.

అప్పట్నుంచి ఆ నడుముకి కాపలా పెరిగింది. విజయనగరంలో ఉన్న మేనల్లుడు ప్లాస్టిక్ కుర్చీ తెస్తే, కూర్చొనుట మెరుగుదల క్రిందికి వచ్చునని సంస్థవారు పట్టుకెళ్ళి రసీదు ఇచ్చారు. నరసమ్మ ఒకరోజు గంప అందించబోతే ఇరుగుపొరుగు సహాయము నిషేధమని నోటీసు అంటించారు. పంచాయతీవాళ్ళు వీధిలో సిమెంటు రోడ్డు వేస్తూ దానమ్మ గుమ్మం ముందు పన్నెండు అడుగులు వదిలేసి అవతల మొదలుపెట్టారు. వైద్య శిబిరంలో డాక్టరుగారు నడుముకి మందు రాయబోయి, వరస వెనక నిలబడ్డ సంస్థ మనిషిని చూసి ఆగిపోయాడు. “రాసుకోడానికి ఏదైనా ఇవ్వొచ్చాండీ?” అని అడిగాడు. సంస్థ మనిషి సంచాలకులకి ఫోను చేశాడు. వాసన చూడడానికి అభ్యంతరం లేదన్నారు.

ఇంతలో పెద్ద గాలివాన వచ్చి పెట్టెల మీద పట్టాలు చింపేసింది. పట్టా మార్చుకోవాలంటే సంస్థకి అర్జీ పెట్టాలి, అర్జీ పెడితే ఉపసంఘం కూర్చోవాలి. నరసమ్మ పెట్టె కూడా చిరిగింది. వానచినుకు పడితే ఆవిడా పరుగులే. పెట్టెల ఇళ్ళకీ దానమ్మ ఇంటికీ మధ్య తేడా తగ్గిపోయింది.

ఆ తేడా గురించి దానమ్మ ఇంటి ముందే షామియానా వేసుకుని అధికారులు సమావేశమయ్యారు. దానమ్మ నాలుగడుగుల దూరంలో నెత్తళ్ళు తిరగేస్తోంది. మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

“మన విజయము యొక్క కొలమానము తేడా,” అన్నారు విరూపాక్షరావుగారు. “అది నూటికి డెబ్బది ఒకటినుండి ముప్పదికి పడిపోయినది. నెల దినములలో యూరపునుండి పరిశీలకులు వచ్చుచున్నారు. తేడా పెంచవలెను. మార్గములు రెండు. పైదానిని పెంచుట, క్రిందిదానిని దించుట.”

“పైదానికి ఇరవై పట్టాలు కావాలి సార్,” అని ఆయన కింద పనిచేసే ఉద్యోగి గుర్తుచేశాడు.

“క్రిందిదానికి?”

“దానమ్మగారికి పాత టార్పాలిన్ ఒకటి ఉంది సార్. వాన వస్తే చేపల మీద కప్పుకుంటున్నారు.”

కాసేపు అందరూ దానమ్మ వంక చూశారు. దానమ్మ టార్పాలిన్ వంక చూసింది.

మర్నాడు అది కూడా రసీదుగా మారింది. ఆ వారం వానకి మూడు గంపల నెత్తళ్ళు పురుగుపట్టి పోయాయి. దానమ్మ ఎత్తలేక, ఎత్తినవి దాచలేక, తడిసిన ఇసకలో చతికిలబడింది. ప్రసూన మీట నొక్కడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

“రాసుకో గుంటా,” అంది దానమ్మ. “కూలబడిపోనాది అని రాసుకో.”

“దానికి గడి లేదు పెద్దమ్మా.”

“మరి దేనికున్నాది గడి?”

“వంగినవాటికి.”

నెల తిరిగేసరికి పోర్చుగల్ నుంచి పరిశీలకురాలు వచ్చింది. పేరు ఫిలొమెనా. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, జుట్టు వెనక్కి ముడేసుకుని ఉంది. ఊరివాళ్ళు పిలోమమ్మ అన్నారు. పెట్టెని మొదట తయారుచేసినవాళ్ళలో ఈవిడ కూడా ఉందట. వచ్చీరాగానే చెప్పులు జీపులో వదిలేసి ఇసకలోకి దిగింది. ఒక నెత్తడు చేతిలోకి తీసుకుని, విరిచి, వాసన చూసింది. చేపల పనిచేసిన చెయ్యి ఏదో కానిది ఏదో దానమ్మకి తెలుసు. ఆ చెయ్యి చూసి కొంచెం దగ్గరికి జరిగింది.

“ఇదియే మా ఏకైక తులనా గృహము,” అని విరూపాక్షరావుగారు గర్వంగా చూపించారు. “రెండు సంవత్సరములుగా ఎట్టి మెరుగుదలయు సోకకుండ కాపాడుకొనుచున్నాము. దానమ్మగారూ, ఒక ఛాయాచిత్రము కొరకు ఒకసారి వంగుడు.”

దానమ్మ వంగలేదు.

“వంగవలెను.”

“వొంగను బాబూ.”

ప్రసూన చేతిలో మీట ఆగిపోయింది. ఫొటో తీసేవాడు కెమెరా దించాడు. సంచాలకులవారి మొహం ఎర్రబడింది.

“ఒప్పందము...”

“ఒప్పందం మీద ఏలేసినాను. నడుమెయ్యనేదు,” అని దానమ్మ పిలోమమ్మ వైపు తిరిగింది. “ఓలమ్మా, నువ్వు సేపలదానివి లాగున్నావు. ఒక్కటడుగుతాను. మీయమ్మకి పెట్టియ్యడానికి ఎన్ని ఆర్నెల్లు పట్టినాది?”

ప్రసూన దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఒక్క ముక్క తగ్గించలేదు. విరూపాక్షరావుగారు దగ్గారు గానీ అది దగ్గుగానే మిగిలిపోయింది.

పిలోమమ్మ చేతిలో ఉన్న నెత్తడు గంపలో వేసింది. తర్వాత నెమ్మదిగా చెబుతుంటే ప్రసూన తెలుగులో చెబుతూ వచ్చింది.

“వాళ్ళమ్మ కూడా ఒడ్డునే ఎండేసేదట పెద్దమ్మా. ఆవిడ నడుము చూసే పెట్టెకి కాళ్ళు పెట్టారట. పెట్టె తయారయ్యేసరికి ఆవిడ లేదట. అందుకే ఈవిడ కాగితాల్లో ఒక మాట రాయించిందట. పెట్టె మంచి చేస్తోందని తేలిన రోజే, లేనివాళ్ళందరికీ ఇచ్చెయ్యాలి, గడువు పొడిగించకూడదు అని.”

పిలోమమ్మ సంచిలోంచి ఒప్పందం తీసి, నలభై ఒకటో పేజీ మడిచి, సంచాలకులవారి చేతిలో పెట్టింది.

“ఆ పుట ఇంకనూ తెలుగులోనికి రావలసియున్నది మేడమ్,” అన్నారాయన. “అనువాద ఉపసంఘము ఏర్పాటు దశలో ఉన్నది. అయినను వీరికి ఇచ్చివేసినచో మనము దేనితో పోల్చుకొందుము?”

పిలోమమ్మ ఈ మాట అర్థం కావడానికి రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. రెండోసారి కూడా అర్థమైనట్టు లేదు. వెంటనే ఒక పెట్టె తెప్పించమంది. పెట్టెకి అర్జీ కావాలని, అర్జీకి ఉపసంఘం కావాలని కింద ఉద్యోగి చెప్పాడు.

అప్పుడు ఎర్రయ్య చుట్ట డబ్బా తెరిచాడు. అందులో దాచిన మూడు రసీదుల మడతలూ విప్పి, చుట్టపొడి దులిపి, కింద ఉద్యోగికి ఇచ్చాడు. “ఇదిగో బాబూ. గెడలారు, సిరిగిన వలొకటి, కుర్సీ, టార్పాలిన్. మాయి మాకిచ్చీండి.”

రసీదు చూపిస్తే వస్తువు ఇవ్వకుండా ఉండే నిబంధన సంస్థలో లేదు. కింద ఉద్యోగి వెతికి చూశాడు కూడా. షెడ్డులోంచి గెడలు వచ్చాయి, వల వచ్చింది, కుర్చీ, టార్పాలిన్ కూడా వచ్చాయి. పిలోమమ్మ గెడ పట్టుకుంటే ఎర్రయ్య గొయ్యి తవ్వాడు. వల ఎంత బిగించాలో పిలోమమ్మకీ దానమ్మకీ చిన్న తగాదా అయింది. భాష ఒకరిది ఒకరికి రాదు గనక ఇద్దరూ గెలిచారు. అరగంటలో బల్ల నిలబడింది. పైన టార్పాలిన్ గుడారంలా కట్టారు. దానమ్మ గంపలో నెత్తళ్ళు గుమ్మరించి, నిటారుగా నిలబడి, రెండు చేతులా పరిచింది.

విరూపాక్షరావుగారు జీపెక్కి కళ్ళు మూసుకున్నారు.

నెల్లాళ్ళకి పట్నంనుంచి ఉత్తర్వు వచ్చింది. దానమ్మ గృహము మెరుగుపడినందున తులనకు అనర్హమైనది. అయినను ప్రయోగము కొనసాగవలసియున్నందున, చిరిగిన పెట్టెలు గల ఇరువది గృహములను ఇకపై తులనా గృహములుగా ప్రకటించడమైనది. వాటి పట్టాలను బాగుచేసుకొనరాదు. ఉత్తర్వుతోపాటు ఇరవై పచ్చరంగు బోర్డులూ, ఇరవై బంతిపూల దండలూ దిగాయి.

నరసమ్మ దండ చేతిలో పట్టుకుని దానమ్మ దగ్గరికొచ్చింది. “అప్పా, మార్సుకుందుమేటి? నీకు దండంటే పేణం గదా.”

“పోవే! నాకిలగ నిలబడ్డమే బావున్నాది.”

“మరి నానేటి సెయ్యాల?”

దానమ్మ బోర్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. మంచి చెక్క. వానకి చెక్కు చెదరని రంగు. “నీ పెట్టె సిరుగెంతుంతాది?”

“ఇదిగో, ఇంతే.”

సాయంత్రానికి ఊళ్ళో ఇరవై పెట్టెల చిరుగుల మీదా పచ్చరంగు చెక్కలు బిగిశాయి. చుక్క నీరు దిగడం లేదు. ఏ పెట్టె ముందు నిలబడి చూసినా పైన తెల్లటి అక్షరాల్లో మెరుగుపరచరాదు అని కనబడుతుంది.

ప్రసూనకి మాత్రం ఉద్యోగం అలాగే ఉంది: తులన పోయినా దానమ్మ కాగితం రోజూ నింపి పంపాల్సిందే. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఎప్పటిలాగే ఇసకలో గొంతుక్కూర్చుంది. మోకాళ్ళ మీద అట్ట, ఎడమచేతిలో మీట. దానమ్మ నెత్తళ్ళు తిరగేస్తూ ఆ అమ్మాయి వంక చూసింది.

“ఒలే గుంటా, లే. రెండేళ్ళు నన్ను లెక్కెట్టినావు. నువ్వెంతసేపు అలగ కూకున్నావో ఎవులైనా లెక్కెట్టినారేటి?”

ప్రసూన లేవబోయి, మోకాళ్ళు పట్టేసి, చెయ్యి అందించమంది. దానమ్మ అందించింది. బల్ల మీద ఒక మూల చేపలు పక్కకి జరిపి జాగా చేసింది. ప్రసూన అక్కడ కాగితం పెట్టుకుంది. సరిగ్గా నడుమెత్తున ఉంది. మధ్యాహ్నం దాకా మీట ఒక్కసారి కూడా మోగలేదు. ‘వంగినన్నిసార్లు’ అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ వదిలితే సంస్థ కాగితం తిప్పి పంపుతుంది.

ప్రసూన కలం మూత తీసి, పొలుసులంటిన ఆ గడిలో, ‘నిలబడి ఉంది’ అని రాసింది.